నేతాజీ ఒంటి మీద కళావతి చీర

గద్వాలలో వాటర్ ట్యాంకు చౌరస్తా దగ్గర నేతాజీ సుభాష్ చంద్రబోసు విగ్రహం ఉంది. కుడి చెయ్యి పైకెత్తి, సైనిక దుస్తుల్లో, బూట్లతో నిలబడి ఉంటాడు. కింద నల్లరాతి ఫలకం మీద ఆవిష్కరించినవారి పేరు, విశిష్ట అతిథుల పేర్లు, కమిటీవాళ్ళ పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. అది చదివితే విగ్రహం తేవడం, ఆవిష్కరించడం ఏ అడ్డంకీ లేకుండా అయిపోయినట్టు అనిపిస్తుంది. అది నిజం కాదు. దసరాకు ముందు దిమ్మె ఎక్కిన నేతాజీ మళ్ళీ వానలు మొదలయ్యేదాకా జనానికి మొహం చూపించలేదు. అందులో చాలాకాలం ఆయన గద్వాల పట్టుచీర కట్టుకుని ఉన్నాడు. ఆ సంగతి ఫలకం మీద లేదు. ఆ చీర కళావతిది.

కళావతి పుట్టింది వడ్డేపల్లి దగ్గరి రాజోలిలో. అక్కడా మగ్గాలే, పెళ్ళి చేసుకుని వచ్చిన గద్వాలలోనూ మగ్గాలే. వయసు యాభై దాటింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మగ్గం చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి గొంతు అలా తయారైందని ఆమె అంటుంది. మగ్గం ఆపినా తగ్గదేమని భర్త గోపాలయ్య అడుగుతాడు, ఆమె వినపడనంత దూరంలో ఉన్నప్పుడు. షావుకారు ఇచ్చిన నూలుతో, షావుకారు చెప్పిన రంగుల్లో, హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఎవరో కట్టుకోబోయే చీరలు నేయడం ఆమె పని. ఆ పని ఆమెకు ఇష్టమే. ఆమెకు ఇష్టం లేనిది ఒక్కటే, రేఖ నోరు.

రేఖ గోపాలయ్యకు అక్క. వనపర్తిలో ఆమెకు, ఆమె భర్తకు బట్టల దుకాణం ఉంది. ఏ పెళ్ళిలో కలిసినా ముందు కళావతి చీర కొంగు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది.

"ఏం కళావతీ, మళ్ళ గదే నైలానా?"

"ఉతుకుడు అల్క గద వదినె."

"గది సరే. పెండ్లైనకాడ్నుంచి జూస్తున్న. ఊరందరికీ పట్టుచీరెలు నేస్తవు. నీ ఒంటి మీద ఒక్కటన్న జూసి సచ్చిపోదామని ఉన్నది నాకు."

"జల్దేంది వదినె, ఉండు ఇంకొన్ని రోజులు," అని కళావతి నవ్వేది. ఇంటికి వచ్చాక నవ్వేది కాదు. మగ్గం దెబ్బ గట్టిగా పడేది.

పోయినేడు కాదు, అంతకు ముందటేడు వానాకాలంలో ఆమె తన కోసం ఒక చీర నేసుకుంది. లేత మామిడాకు రంగు నూలు ఒళ్ళు, నెమలి కంఠం రంగు పట్టు అంచు, పట్టు కొంగు. గద్వాలలో దాన్నీ పట్టుచీరే అంటారు. షావుకారు గిరాకీ లేదని పక్కన పడేసిన రంగు. అడిగి తీసుకుంది. పగలు షావుకారు చీర, పొద్దుగూకాక తన చీర. పూర్తయ్యాక తెల్లగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేసింది. వనపర్తిలో రేఖ కొత్త ఇల్లు కట్టుకుంటోంది. ఆ ఇంటి గృహప్రవేశం దావత్‌కు ఈ చీర కట్టుకుని పోవాలి, ఆడవాళ్ళ బంతిలో కూర్చోవాలి, రేఖ వచ్చి కొంగు నలిపి చూడాలి. కళావతికి జీవితంలో ఆ సంవత్సరానికి ఉన్న కోరిక అదే.

ఇక గోపాలయ్య. అతనూ మగ్గం మనిషే కానీ సంఘాలంటే ప్రాణం. భజన మండలి, వీధి దీపాల సాధన సమితి, చేనేత పొదుపు సంఘం, అన్నిట్లోనూ ఉపాధ్యక్షుడే. అధ్యక్షుడైతే చేతి నుంచి ఖర్చవుతుంది, సభ్యుడైతే స్టేజీ మీదికి పిలవరు అని అతని లెక్క. నేతాజీ విగ్రహ కమిటీకి కూడా అతనే ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడు సెల్‌ఫోన్ల దుకాణం సతీష్.

ఆ దిమ్మె అంతకు చాలా ముందే కట్టారు. ఎవరి విగ్రహం పెట్టాలో తేలక ఖాళీగా ఉండేది. ఒక్కో గుంపు ఒక్కో నాయకుడి పేరు చెప్పేది. ఒక మీటింగులో ఎవరో నేతాజీ అన్నారు. అందరూ కొంచెంసేపు ఆలోచించారు. ఆయన వల్ల వార్డులో ఏ ఒక్క గుంపుకూ ప్రత్యేకంగా లాభం లేదని తేలాక ఏకగ్రీవంగా తీర్మానించారు.

విగ్రహం లారీలో వచ్చింది. దిమ్మె ఎక్కించారు. మర్నాడు పొద్దున మంత్రి వచ్చి ఆవిష్కరించాలి. ముసుగుకు తెల్లగుడ్డ కొన్నారు. అది చుట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసిన సతీష్ మొహం మాడింది.

"గోపాలన్నా, గిదేందే? పాడె మీదికెల్లి లేసొచ్చినట్టున్నడు. మంత్రి జూస్తే ఏమనుకుంటడు?"

"ముసుగు గట్లనే ఉంటది గద తమ్మీ."

"గద్వాల అంటే ఏంది? చీరె! మంచి పట్టుచీరె కప్పుదాం. రేపు టీవీల ఎట్ల కనపడతదో జూడు."

కమిటీలో పెద్దవాడు బాలస్వామి అడ్డం వచ్చాడు. "మంత్రి వచ్చి చీరె గుంజుడేందిరా? ఫొటో పేపర్ల పడితె ఎట్లుంటదో జర సోచాయించిన్రా?"

"మంత్రి తాడు గుంజుతడు పెద్దనాయినా. చీరె దానంతట అదే జారుతది."

"నువ్వేం చెప్పినా జూసేటోనికి గుంజినట్టే కొడతది."

ఈ చర్చ సాగుతుండగా గోపాలయ్య బుర్రలో పెట్టె మెదిలింది. కళావతి పెద్దమందడిలో వాళ్ళ అక్క ఇంటికి పోయి ఉంది. రేపు పొద్దున చీర కప్పడం, మంత్రి తాడు లాగడం, మధ్యాహ్నానికి మడతపెట్టి పెట్టెలో పెట్టేయడం. ఆమె వచ్చేసరికి ఏమీ జరగనట్టే ఉంటుంది. పైగా స్టేజీ మీద మైకులో "చీర సమర్పణ, ఉపాధ్యక్షులు గోపాలయ్య గారు" అంటారు. తాళం చెవి ఎక్కడుంటుందో అతనికి తెలుసు.

మర్నాడు మంత్రి వస్తూ వస్తూ దారి పొడుగునా శంకుస్థాపనలు చేసుకుంటూ వచ్చాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఎక్కడా కొబ్బరికాయ వదల్లేదు. ఆయన కారు బీచుపల్లి వంతెన దగ్గరికి చేరేసరికి ఢిల్లీ నుంచి రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల తేదీలు ప్రకటించారు. కోడ్ వచ్చేసింది. ఇక ఆవిష్కరణలు బంద్. కారు వంతెన మీది నుంచే వెనక్కి తిరిగింది. చౌరస్తాలో టెంటు, కుర్చీలు, డేగిశెడు పులిహోర, చీర కట్టుకున్న నేతాజీ మిగిలారు.

గోపాలయ్య నిచ్చెన పట్టుకుని పోయాడు. మున్సిపాలిటీవాళ్ళు ఆపారు. ముసుగు తీస్తే ఆవిష్కరించినట్టేనట. తీసినవాడి మీద కేసట.

ఆ సాయంత్రం వనపర్తి బస్సులో కళావతి కిటికీ పక్కన కూర్చుని వస్తోంది. చౌరస్తా మలుపులో తల తిప్పింది.

"ఆపు! ఆపు! నా చీరె!" అని అరిచింది.

కండక్టర్ బెదిరిపోయి సీటీ కొట్టాడు. తలుపులో చీర ఇరుక్కుందనుకుని వంగి వెతకడం మొదలుపెట్టాడు. "ఏడున్నదమ్మా, ఏడ ఇరికింది?"

"ఆడ గాదు, అగో, ఆ సిపాయి మీద!"

ఇంట్లో గోపాలయ్య చెంబుతో నీళ్ళు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"కళావతీ, ముందుగాల జర నీళ్ళు తాగు."

"నీళ్ళు గాదు. చీరె."

"మంచి పనికే గద ఇచ్చిన. దేశం కోసం."

"దేశం వచ్చి నిన్ను అడిగిందా? అంత ఉంటె నీ లుంగీ ఇయ్యకపోయినవా దేశానికి?"

"ఎన్నికలు కాంగనే వస్తది. చీరె యాడికి పోతది? చౌరస్తల అందరి ముందరే ఉన్నది గద."

"గదే నా బాధ," అంది కళావతి.

డిగ్రీ చదువుతున్న కూతురు దీపిక ఆ తర్వాత మూడు రోజులు తల్లికీ తండ్రికీ మధ్య మాటలు మోసింది. వంటింట్లోంచి "ఉప్పు సాలిందా అని అడుగు" అని వస్తే, వసారాలోంచి "సాలిందని చెప్పు" అని పోయేది.

గొడవైన మర్నాడు పొద్దున్నే కళావతి చౌరస్తాకు పోయి చూసింది. గోపాలయ్య చీరను పత్తి బేలుకు గోనె చుట్టినట్టు చుట్టాడు. ఆవిష్కరణ ఆగిపోయాక గాలికి లేవకుండా మీద బైండింగ్ వైరుతో రెండు చుట్లు బిగించాడు. నేసినామె చూడగలిగే దృశ్యం కాదు అది. పక్కన పెయింటర్లు వదిలిపెట్టిన పరంజా ఉంది. ఎక్కింది. చీర తీయకుండానే ఉన్నచోట సర్దింది. చేతికందిన వైరు తీసేసి కుచ్చిళ్ళు పెట్టింది. కొంగును మొహం కప్పేలా తల మీదుగా, ఎత్తిన చేతి మీదుగా తీసి వెనక్కి వేసింది. నాలుగు పిన్నులు పెట్టింది. కోడ్‌లో దాన్ని ఆపే నిబంధన ఎవరికీ దొరకలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున మగ్గం ఎక్కేముందు పోయి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపేది. పావురాలు పాడుచేస్తే తడిగుడ్డతో తుడిచేది. అకాల వాన పడిన రోజున పలచటి ప్లాస్టిక్ షీటు కప్పింది. ఆమె చీరను కాపాడుకుంటోంది. రోడ్డు మీద పోయేవాళ్ళకు మాత్రం ఇంకోలా కనిపించింది. ఎత్తైన దిమ్మె, పట్టుచీర, తీర్చిన కుచ్చిళ్ళు, దీవిస్తున్నట్టు పైకెత్తిన చెయ్యి. పొద్దున్నే స్నానం చేసి వచ్చి సేవ చేసే ఒకామె. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ బస్సుల్లో వచ్చేవాళ్ళు కిటికీల్లోంచి దండం పెట్టడం మొదలుపెట్టారు.

చౌరస్తాలో పూలమ్మే జోగులమ్మ మొదటి దండ వేసింది. తర్వాత పసుపు, కుంకుమ వచ్చాయి. తర్వాత కొబ్బరికాయలు. కళావతికి మండిపోయింది.

"జోగులమ్మా, కుంకుమ పడితె అంచు ఖరాబయితది. అది అమ్మవారు గాదు, నేతాజీ. నువ్వు జూసినవ్ గద లారీల దించంగ."

"జూసిన. బూట్లు గూడ జూసిన."

"మరి?"

"లోపల ఎవలుంటె నాకేంది బిడ్డా? బయట అమ్మున్నది," అని జోగులమ్మ ఇంకో దండ గుచ్చింది. అప్పటికి ఆమె బుట్ట రెండింతలైంది.

ఎన్నికలయ్యాయి. మంత్రి మారాడు. ఫలకం మీద పేరు మార్చాలి. కొత్త ఫలకం వచ్చేసరికి ఎవరు ఆవిష్కరించాలో ఇద్దరు నాయకుల మధ్య పేచీ. ఒకరికి తీరిక ఉన్నప్పుడు ఇంకొకరికి కోపం. కళావతి సతీష్ దుకాణానికి పోయి అడిగినప్పుడల్లా అతను ఫోను చెవికి పెట్టుకుని "వచ్చే వారం అక్కా, పక్కా" అనేవాడు. వారాలు గడిచాయి. ఈలోగా పార్లమెంటు ఎన్నికల కోడ్ వచ్చింది.

దాంతోపాటే రేఖ ఫోను కూడా వచ్చింది.

"శ్రీరామనవమి పోయినంక ఇంట్లకు పోతున్నం. ముందురోజు వ్రతం, మర్నాడు దావత్. తప్పకుండ రావాలె. ఏం కట్టుకొస్తవో మరి!"

"కట్టుకొస్త వదినె. నువ్వైతే సచ్చిపోకు అప్పటిదాంక," అని కళావతి ఫోను పెట్టేసింది.

ఎన్నికల పని మీద వచ్చిన ఆఫీసరు రాఘవేంద్ర మున్సిపాలిటీ ఆఫీసులో ఒక గదిలో కూర్చునేవాడు. మంచివాడే. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉండేవి. కళావతి పోయి చెప్పింది. అతను మొత్తం విన్నాడు, రెండు చోట్ల నవ్వు ఆపుకున్నాడు.

"అమ్మా, మీ చీర మీరు తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ విగ్రహం కనపడొద్దు. కనపడితే ఆవిష్కరించినట్టే. ఫలానా పార్టీ వాళ్ళు తీయించిండ్రని ఇంకో పార్టీ వాళ్ళు నా మీద ఫిర్యాదు రాస్తరు."

"వేరే చీరె కప్పుత సారు."

"వేరేది కప్పాలంటే ముందు ఇది తీయాలె గదా. ఆ నడుమ కనపడ్తది."

"కనపడకుంటె సాలా?"

"కనపడకుంటే చాలు."

"ఒక్క ఏలు గూడ?"

"ఒక్క వేలు కూడా. అది ఎట్లయితదమ్మా?"

"అయితది సారు. మీరు రేపు పొద్దుగాల రాన్రి," అంది కళావతి.

రాజోలిలో తుంగభద్ర ఒడ్డున పెరిగిన ఆడవాళ్ళకు ఒక విద్య వస్తుంది. ప్రత్యేకించి ఎవరూ నేర్పరు. ఏటిలో మునిగి తడిచీరతో ఒడ్డుకు వస్తారు. ఒడ్డు మీద బర్రెలుంటాయి, వాటిని కడిగేవాళ్ళుంటారు, కర్నూలు వైపు నుంచి వచ్చిన పరాయివాళ్ళుంటారు. పొడిచీర కొసను పళ్ళతో బిగించి మీది నుంచి చుట్టుకుంటూ, లోపలి నుంచి తడిచీరను కిందికి జారవిడుస్తారు. ఎవరికీ ఏమీ కనపడదు. పళ్ళ మధ్య కొస ఉన్నా పక్కామెతో పెట్టుకున్న తగువు ఆగదు. కళావతి ఆ పని చిన్నప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా రోజూ చేసింది. తనకు కాకుండా వేరే మనిషికి చేయడం ఇదే మొదలు. అదీ చెయ్యెత్తి నిలబడ్డ మనిషికి.

జోగులమ్మ ఒప్పుకోవాలి కదా. ఆమె దిమ్మెకు అడ్డంగా బుట్ట పెట్టుకుని కూర్చుంది.

"అమ్మ ఒంటి మీది చీరె గుంజుకపోతవా? కళ్ళు పోతయి."

"గుంజుకపోతలేనవ్వా. కొత్త చీరె పెట్టి పాతది తీసుకుంట. ఏ గుళ్ళ జేయరు చెప్పు?"

జోగులమ్మ ఆలోచించింది. అమ్మవారికి కొత్త చీర పెట్టి, పాతది ప్రసాదంగా తీసుకోవడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. కాదనడానికి దారి లేదు. "కొత్తదేనా? మడత ఇప్పనిదేనా?" అని అడిగింది.

మడత విప్పనిదే. ఎప్పుడో ఏదో ఫంక్షన్‌లో రేఖ పెట్టిన ముదురు ఊదారంగు నైలాన్ చీర. ఇంకెవరికైనా పెట్టొచ్చని కళావతి కవరుతో సహా దాచింది. ఇంతకు మించిన సందర్భం రాదనిపించింది.

పొద్దున ఎండ ఎక్కకముందే చౌరస్తా నిండిపోయింది. రాఘవేంద్ర జీపులో వచ్చాడు. వెంట ఎన్నికల వీడియో తీసే మనిషి కెమెరాతో దిగాడు. సతీష్ కమిటీ అధ్యక్షుడిలా కనపడే చొక్కా వేసుకొచ్చాడు. గోపాలయ్య పరంజాకు ఆనించిన నిచ్చెన పట్టుకున్నాడు. ఉపాధ్యక్షుడిగా అతనికి ఆ రోజు దక్కిన బాధ్యత అది.

కళావతి పరంజా మీద విగ్రహం వెనక నిలబడింది. వీధిలోని ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్క నిలబడ్డారు. ముందు కొత్త చీర కొంగును తల మీదుగా తీసి ఎత్తిన చేతికి తొడిగింది. నేతాజీకి పళ్ళతో పట్టుకునే సౌకర్యం లేదు కనుక కొసను తనే పళ్ళ మధ్య బిగించింది. ఒక చుట్టు చుట్టింది. చెయ్యి లోపలికి పోనిచ్చి పిన్నులు ఒక్కొక్కటే తీసింది.

"ఊఁ ఊఁ," అంది.

"ఏమంటుంది?" అన్నాడు రాఘవేంద్ర.

"నిచ్చెన కదిలిస్తున్నవని నన్ను తిడుతుంది సార్," అన్నాడు గోపాలయ్య. ఆమె ఎలా తిట్టినా అతనికి అర్థమవుతుంది.

భుజం దగ్గర పాత చీర ఆగిపోయింది. గోపాలయ్య బిగించిన వైరు ఒకటి నేతాజీ భుజం మీది పట్టీకి చిక్కుకుని ఉంది. లాగితే కొంగు చిరుగుతుంది. చూడటానికి వీల్లేదు, ముసుగు ఎత్తకూడదు. కళావతి కళ్ళు మూసుకుంది. లోపల వేళ్ళు మెల్లగా కదిలాయి. చౌరస్తాలో ఆటోలు కూడా హారన్ ఆపాయి. చాలాసేపు పట్టింది. వైరు ముక్క ఒకటి టింగుమని కింద పడింది. గోపాలయ్య తల మీద.

"సార్! ఎడమ కాలు!" అని వీడియో మనిషి అరిచాడు.

కింద కుచ్చిళ్ళు సర్దుతున్న పక్కింటామె చెయ్యి జారి, చీర పైకి లేచి, నల్లటి బూటు మొన బయటికి వచ్చింది. అప్పుడే బస్సు దిగి చేతులు జోడించి నిలబడ్డ ఒక పెద్దాయన నిర్ఘాంతపోయాడు.

"అమ్మ బూట్లేసుకున్నదేందిరా?"

"అమ్మకు ఎండకు కాళ్ళు కాలవా?" అంది జోగులమ్మ తల ఎత్తకుండా.

రాఘవేంద్ర ఒక్క ఉరుకున పోయి తన చేతిరుమాలు బూటు మీద కప్పి, అక్కడే వంగి పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరే వంగాడని వెనక ఉన్న నలుగురైదుగురు సాష్టాంగపడ్డారు. అది కూడా వీడియోలో వచ్చింది.

పాత చీర లోపలి నుంచి జారి కళావతి చేతుల్లో కుప్పగా పడింది. నేతాజీ ఊదారంగు నైలాన్‌లో నిలబడ్డాడు. చప్పట్లు పడ్డాయి. ఆవిష్కరణ కాని కార్యక్రమానికి అంత జనం రావడం గద్వాలలో అదే మొదటిసారని సతీష్ తర్వాత చెప్పుకున్నాడు.

చీర పూర్తిగా పాడవలేదు. మీది పొర ఎండకు కొంచెం వెలిసింది. తిప్పి కట్టుకుంటే తెలియదు. కుంకుడురసంలో ఉతికి నీడన ఆరేసింది కళావతి. కుంకుమ మరకలు పోయాయి. దావత్ రోజు పొద్దున కట్టుకుని అద్దం ముందు నిలబడితే గోపాలయ్య ఏదో అనబోయి, ఆమె చూపు చూసి, "ఆటో తెస్త" అని వెళ్ళిపోయాడు.

వనపర్తిలో టెంటు కిందికి అడుగుపెట్టగానే జరగాల్సింది జరగలేదు. చౌరస్తాలో జనం ఫోన్లతో తీసిన వీడియో వాట్సాప్‌లో వనపర్తికి ఆమె కంటే ముందే చేరింది. ముందుగా ఒక ముసలామె లేచి వచ్చి కొంగు కళ్ళకద్దుకుంది.

"చౌరస్తా అమ్మ చీరె గద ఇది! నీ కడుపు సల్లగుండ."

దాంతో బంతి బంతే లేచింది. ఆడవాళ్ళు వరసగా వచ్చి దండాలు పెట్టారు. రేఖ లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అందరూ చూస్తుంటే వేరే దారి లేక ఆమె కూడా వంగి, కొంగు నలపాల్సిన చేత్తోనే కొంగు కళ్ళకద్దుకుంది.

"వదినె, దండం తర్వాత. అంచు జూడు జర," అంది కళావతి.

"చీ చీ, అమ్మ చీరెను గట్ల పట్టి జూస్తరా?" అని రేఖ రెండడుగులు వెనక్కి వేసింది.

కళావతిని బంతిలో కూర్చోనివ్వలేదు. విడిగా ఒక కుర్చీ వేసి, ముందు చిన్న బల్ల పెట్టి, పెరుగన్నం, అరటిపండు తెచ్చి పెట్టారు. అవతల బంతిలో మటన్ వడ్డిస్తున్నారు. మసాలా వాసన నేరుగా ఆమె మీదికి వస్తోంది. గోపాలయ్య అప్పటికే రెండోసారి వేయించుకుంటున్నాడు.

"నాకు పెరుగన్నమేంది?"

"ఆ చీరె మీద నీసు తింటరా తల్లీ, పాపం తగలదా?" అంది ముసలామె.

"ఏం పాపం? మన దిక్కు అమ్మలకు యాటలు కోస్తలేరా?"

"కోస్తరు గని..." ముసలామె చీర వైపు చెయ్యి చూపింది. "చీరె గట్టుకోని తినరు."

"అవ్వా, లోపలున్నది నేతాజీ. ఆయన బెంగాలాయన," అని దీపిక తల్లి పక్కకు వచ్చింది. "ఆ దిక్కు మస్తు చేపలు తింటరు."

"ఇన్నవా? చేపలు తినేటాయనకు పెరుగన్నం పెడితిరి. జరుగున్రి," అని కళావతి కుర్చీ వదిలి లేచింది. పోయి బంతిలో కూర్చుంది. ఆకు ముందుకు లాక్కుంది. "తమ్మీ, గిటు తే బకెట్."

వడ్డించేవాడు వచ్చాడు కానీ వెయ్యాలో వద్దో తెలియక రేఖ వైపు చూశాడు. రేఖ ముసలామె వైపు చూసింది. అతను వాళ్ళనే చూస్తూ గరిటె ముంచి తీశాడు. గరిటె ఆకు దాటి ఒరిగి, ఎర్రటి పులుసు కళావతి కొంగు మీద పడింది.

ముసలామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కళావతి కొంగు ఎత్తి చూసింది. అరచెయ్యంత మరక. నీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచి తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడవలేదు. ఆకు వైపు వేలు చూపించి, "వెయ్యి," అంది.

అతను వేశాడు. ఆమె ముక్క నోట్లో పెట్టుకుంది. ఏమీ కాలేదు. కొంచెంసేపు చూసి, ఆమెకు నిజంగానే ఏమీ కాదని తేలాక, జనం ఎవరి ఆకు ముందు వాళ్ళు కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరూ దండం పెట్టడానికి రాలేదు.

రేఖ వచ్చింది. "మరక ఇప్పుడే కడగకుంటె పోదు, తే," అంటూ కొంగు పట్టుకుంది. చెంబు నీళ్ళు పోయబోతూ ఆగింది. బట్టల దుకాణం మనిషి కదా, చూపు పోవాల్సిన చోటికి పోయింది. నూలు ఒళ్ళు ఆగి పట్టు కొంగు మొదలయ్యే చోట పోగు పోగుకు మెలిపెట్టి అతకాలి. చెయ్యి తిరగనివాళ్ళు అతికితే అక్కడ చిన్న గట్టులా తగులుతుంది. రేఖ బొటనవేలితో ఒకసారి రాసి చూసింది. కొంగు తిరగేసి ఇంకోసారి రాసింది. చెంబు కింద పెట్టి, వెలుతురుకు పట్టి చూసింది.

"అతుకు యాడున్నది?" అంది.

"నీ ఏలు కిందనే."

"ఎవలేసిన్రు కళావతీ, గింత సాపుగ?"

కళావతి చేతిలోని మటన్ బొక్క పక్కన పెట్టి, వేళ్ళు నాక్కుని, అప్పుడు చెప్పింది.

"నేతాజీ ఏసిండు వదినె. పొద్దంత నిలబడే ఉండె గద, పని లేక."